ప్రతినిధుల మీటింగులో జాతి, కులం, రంగు పేరుతో మాట తూలితే: మొదటి నిమిషం నుంచి ముప్పయ్యో రోజు దాకా

"మా సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) అందరి ముందూ అలా అన్నాడండి, ఇప్పుడేం చేయాలి?" అని అడిగేవాళ్లు పెరుగుతున్నారు. మాట పడినవాళ్లే కాదు, పక్కన కూర్చుని విన్నవాళ్లూ, మీటింగ్ నడిపినవాళ్లూ, వార్డెన్లూ అడుగుతున్నారు. ఇది వాళ్లందరి కోసం.

గోదావరి జిల్లాల యూనివర్సిటీల్లో, కాలేజీల్లో విద్యార్థి ప్రతినిధులంటే చాలాచోట్ల ఓట్లతో గెలిచిన కౌన్సిల్ కాదు. సీఆర్‌లు, హాస్టల్ మెస్ కమిటీ, ఫెస్ట్ కమిటీ, క్లబ్ సెక్రటరీలు, ఎన్‌ఎస్‌ఎస్ లీడర్లు. కింద "ప్రతినిధి" అన్నచోటల్లా వీళ్లందరినీ కలుపుకుని, "కౌన్సిల్" అన్నచోట వీళ్ల కమిటీ అని చదవండి.

ప్రతినిధి నోటి నుంచి వచ్చిన మాటను మామూలు గొడవలా చూడకూడదు. లిస్టు అతని చేతిలో ఉంటుంది. స్టేజీ ఎవరెక్కాలో, మెస్ బిల్లులో ఎవరి పేరు మిగలాలో, మాస్టారి దగ్గరికి ఎవరి సంగతి ముందు చేరాలో అతని మీదే ఆధారపడుతుంది. అందుకే మాట పడ్డ విద్యార్థి ఎదురు చెప్పలేడు, కళ్లు దించుకుంటాడు. విన్నవాళ్లు ఒప్పుకున్నాడనుకుంటారు.

ఇంకో చిక్కు మన ప్రాంతానిదే. "ఎటకారమండి, మనసులో ఏం లేదు" అనే మాట ఇక్కడ ఎంత పెద్ద తప్పునైనా కప్పేస్తుంది. వెటకారం మన పలుకుబడిలో ఉంది, నిజమే. కానీ పుట్టుకను పట్టుకుని అన్నది వెటకారం కిందికి రాదు. ఈ గీత మీటింగుకు ముందే గీసుకోవాలి.

1. ముందే సిద్ధం చేసుకోవాల్సినవి

గొడవ జరిగిన రోజు రూల్ రాస్తే, ఫలానావాడి కోసమే రాశారంటారు. ఏడాది మొదట్లో జరిగే తొలి మీటింగులోనే ఈ పనులు ముగించండి.

ప్రవర్తనా నియమం. ఒక్క పేరా చాలు: "కులం, మతం, జాతి, రంగు, ప్రాంతం, భాష, పుట్టిన ఊరు, జెండర్, ఆర్థిక స్థితి ఆధారంగా ఎవరినీ కించపరిచే మాట, సైగ, పోస్టు, స్టిక్కర్ ప్రతినిధి హోదాకు తగదు. ఫిర్యాదు అందిన రోజు నుంచి విచారణ ముగిసేదాకా ఆ ప్రతినిధి బాధ్యతల నుంచి పక్కన ఉండాలి." దీని కింద ప్రతినిధులందరి సంతకాలూ తీసుకోండి. సంతకం చేయనన్నవాళ్లకు బాధ్యత ఇవ్వొద్దు.

ఎన్నికలు జరిగేచోట దీనికి గట్టి ఆధారం ఉంది. విద్యార్థి సంఘాల ఎన్నికల మీద లింగ్డో కమిటీ చేసిన సిఫార్సులను సుప్రీంకోర్టు 2006లో అమలు చేయమంది. కులాల, మతాల, భాషల మధ్య ద్వేషం రేపే పని ఏ అభ్యర్థీ చేయకూడదని, కులం పేరు చెప్పి ఓట్లడగకూడదని అందులో ఉంది.

మినిట్స్ పుస్తకం. మీటింగులో జరిగింది రాసిపెట్టేది ఇందులోనే. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్, కుట్టు బైండింగ్‌ది. స్పైరల్ వద్దు, పేజీ చించినా తెలియదు. మొదటి రోజే పేజీలకు నంబర్లు వేసి, ఫ్యాకల్టీ సలహాదారుతో మొదటి పేజీలోనూ చివరి పేజీలోనూ సంతకం చేయించండి.

వినే ఇద్దరు. ఫిర్యాదు ముందుగా వినడానికి ఇద్దరిని పెట్టుకోండి. ఇద్దరిదీ ఒకే సామాజిక వర్గం కాకూడదు, ఒకరైనా అమ్మాయి కావాలి. వాళ్లు తీర్పు చెప్పరు, విని రాస్తారు.

వాట్సాప్ గ్రూపు. డిసప్పియరింగ్ మెసేజెస్ ఆఫ్ చేయండి. అది 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో పెట్టి ఉంటే సాక్ష్యం దానంతట అదే పోతుంది. అడ్మిన్లు ఇద్దరికి తగ్గకూడదు.

నంబర్ల కాగితం. మినిట్స్ పుస్తకం అట్ట లోపల అంటించండి:

- యాంటీ ర్యాగింగ్ కమిటీ, స్క్వాడ్ సభ్యుల పేర్లు, గదులు
- ఈక్వల్ ఆపర్చునిటీ సెల్, యాంటీ డిస్క్రిమినేషన్ ఆఫీసర్ (యూజీసీ, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, 2012 నిబంధనల్లో చెప్పిన ఏర్పాటు, మీ దగ్గర ఎవరో రిజిస్ట్రార్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి)
- విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ, అంబుడ్స్‌పర్సన్ (ఆ కమిటీ మీద అప్పీలు వినేవారు)
- జాతీయ యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్: 1800-180-5522
- ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల జాతీయ హెల్ప్‌లైన్: 14566
- ఉచిత న్యాయసాయం: 15100
- మానసిక సాయం, టెలీ మానస్: 14416
- పోలీసు: 112

2. అన్న మాట ఏ కోవలోకి వస్తుంది

కోవను బట్టి దారి మారుతుంది. విన్న వెంటనే ఈ మూడింటిలో ఎక్కడ పడుతుందో చూసుకోండి.

మొదటిది: ఎస్సీ, ఎస్టీ విద్యార్థిని ఇతరులు నలుగురి ముందు కులం పేరుతో తిట్టడం, కావాలని అవమానించడం. ఇది 1989 నాటి ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1) కింద నేరం. కౌన్సిల్ సర్దుబాటు చేసి ముగించే వ్యవహారం కాదు.

రెండోది: రంగు, జాతి, ప్రాంతం, భాష, దేశం, పుట్టిన ఊరు, రూపం, డబ్బు పట్టుకుని ఒక విద్యార్థిని గురిచేయడం. దీన్ని ర్యాగింగ్ అంటారని చాలామందికి తెలియదు. యూజీసీ ర్యాగింగ్ నిబంధనలు 2009లో వచ్చాయి. 2016 సవరణలో ఈ కారణాలన్నిటినీ పేరుపేరునా చేర్చారు. ఫ్రెషరే కానక్కర్లేదు, ఫైనలియర్ విద్యార్థి మీద జరిగినా వర్తిస్తుంది. వెలివేసినట్టు పక్కనపెట్టడం కూడా ఇందులోకే వస్తుంది.

మూడోది: ఎవరినీ గురిపెట్టకుండా ఒక గుంపు మొత్తాన్ని తీసిపారేసే మాట. "ఆ బీహారోళ్లకు పని అప్పగిస్తే అంతే" లాంటివి. ఇక్కడ మీ ప్రవర్తనా నియమం సరిపోతుంది.

మన వైపు చాలా మాటలు ముసుగేసుకుని వస్తాయి. "మీ ఇంటిపేరేంటి?" అని మీటింగులో అడగడం, "మీది పేటా, ఊళ్లోనా?" (పేట అంటే దళితవాడ) అనడం, రంపచోడవరం, చింతూరు వైపు నుంచి వచ్చినవాళ్లను "ఏజెన్సీ" అని పిలవడం, "నువ్వు కోటాలో వచ్చావుగా, నీకు బడ్జెట్ లెక్కలెందుకు?" అనడం. తిట్టు పదం లేకపోయినా అన్నవాళ్లకీ తెలుసు, విన్నవాళ్లకీ తెలుసు. రాసేటప్పుడు ఆ మాటతోపాటు అది ఏ సందర్భంలో వచ్చిందో కూడా రాయాలి. లేకపోతే చదివే అధికారికి "ఇంటిపేరు అడిగితే తప్పేముంది?" అనిపిస్తుంది.

3. మొదటి నిమిషం

ఒక సందర్భం ఊహించుకోండి. తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ లాంటిచోట సగం సీట్లు బయటి రాష్ట్రాలవాళ్లవే కాబట్టి ఏ హాస్టల్లోనైనా ఎదురుకాగల సందర్భమే. మెస్ కమిటీ మీటింగ్. మణిపూర్ విద్యార్థి ఒకడు వారానికోసారి వెదురు కొమ్ములు వండుకోవడానికి ఒక స్టవ్ ఇమ్మని అడిగాడు. ఒక ప్రతినిధి, "రేపు కుక్కమాంసం కూడా వండుకుంటానంటావేంట్రా, మోమో?" అన్నాడు. నలుగురు నవ్వారు. అడిగినవాడు చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

("మోమో" అనేది ఈశాన్య రాష్ట్రాలవాళ్ల రూపాన్ని ఎగతాళి చేసే మాట. వెదురు కొమ్ముల కూర మన ఏజెన్సీలో వానాకాలం మామూలు తిండే. ఎండు రొయ్యల వాసన మనకు ఇంటి వాసన, కొత్తవాళ్లకు కాదు. తిండి మీద పడ్డ మాట తిన్నగా మనిషి మీద పడుతుంది, అందుకే ఈ ఉదాహరణ.)

ఆ నవ్వు ఆగేలోపు మీటింగ్ నడిపేవాళ్లు మాట్లాడాలి. వరస ఇదీ:

ఆపండి. "ఒక్క నిమిషం ఆగండి. ఈ అంశం ఇక్కడ ఆపుతున్నాను." గొంతు పెంచక్కర్లేదు.

మాటను పట్టుకోండి. "మీరిప్పుడు అన్నది 'కుక్కమాంసం', 'మోమో' అనేనా? మినిట్స్‌లో అలాగే రాస్తున్నాం." అర్థమేంటని అడగొద్దు. అర్థం అడిగితే ఉపన్యాసం మొదలవుతుంది.

నియమం చెప్పండి. "ఇది మనం సంతకం పెట్టిన నియమానికి విరుద్ధం. దీని మీద విడిగా ప్రక్రియ ఉంటుంది. ఇక్కడ చర్చ లేదు."

10 నిమిషాలు విరామం ఇవ్వండి. వినే ఇద్దరిలో ఒకరు మాట పడినవాళ్ల దగ్గరికి వెళ్లాలి. "మంచినీళ్లు తాగుతావా, బయట కూర్చుందామా?" చాలు.

తిరిగి వచ్చాక ఆగిన అంశంతోనే మొదలుపెట్టండి. చాలామంది ఇది మర్చిపోతారు. స్టవ్ సంగతి తేల్చకుండా వదిలేస్తే, ఎగతాళి చేసినవాడు అనుకున్నది సాధించినట్టే. మాట పడ్డ విద్యార్థి ఆ పూట మాట్లాడలేకపోతే అంశాన్ని తేదీ చెప్పి వాయిదా వేయండి, కొట్టేయొద్దు.

అన్నవాడే మీటింగ్ నడుపుతుంటే? సెక్రటరీ, ఆయన లేకపోతే అక్కడున్న ఏ ప్రతినిధైనా "ఈ అంశం వరకూ మీరు నడపకూడదండి, నేను రాసుకుంటున్నాను" అని కలం తీసుకోవాలి. అందరూ మౌనంగా ఉంటే మీరొక్కరే చేతిలో ఉన్న కాగితం మీద రాసి, సమయం వేసి, సంతకం పెట్టండి. ఆ కాగితం తర్వాత చాలా బరువు మోస్తుంది.

ఆ నిమిషంలో చేయకూడనివి:

- "సారీ చెప్పెయ్, అయిపోతుంది" అనడం
- ఇద్దరి చేతులూ కలిపించడం
- "నీకు బాధ అనిపించిందా?" అని అందరి ముందూ అడగడం
- అన్నవాడిని తిరిగి తిట్టడం, వాడి కులమో ఊరో ఎత్తడం

ఆఖరిది మరీ ముఖ్యం. కోపంలో మీరు ఎత్తిన ఒక్క మాటతో ఫిర్యాదు కాస్తా రెండు వైపుల గొడవైపోతుంది.

4. మొదటి 24 గంటలు: కాగితం, ఫోను, కెమెరా

ఇక్కడ జాగ్రత్తపడితే మిగతా దారి సగం సులువవుతుంది. కేసులు ఎక్కువగా వీగిపోయేది అబద్ధం వల్ల కాదు, రాత సరిగ్గా లేకపోవడం వల్ల.

విన్నవాళ్లు విడివిడిగా రాయాలి. ఒకరు రాసి ముగ్గురు సంతకం పెడితే అది ఒక్క సాక్ష్యమే. ఒకే మాటను నలుగురు కొంచెం తేడాగా రాస్తారు, కంగారు పడొద్దు, అది సహజం. అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటేనే అనుమానం వస్తుంది.

ఎలా రాయకూడదు: "అతను చాలా నీచంగా, జాత్యహంకారంతో మాట్లాడి అందరినీ అవమానించాడు."

ఎలా రాయాలి: "సాయంత్రం 6.40, మెస్ హాలు, అజెండా మూడో అంశం. హాజరు 11 మంది. రెండో సంవత్సరం ప్రతినిధి, స్టవ్ అడిగిన విద్యార్థి వైపు చూసి 'రేపు కుక్కమాంసం కూడా వండుకుంటానంటావేంట్రా, మోమో' అన్నారు. నాకు ఎడమవైపు కూర్చున్న నలుగురు నవ్వారు. విద్యార్థి ఏమీ అనలేదు. 6.42కి మీటింగ్ ఆపారు. ఆ సమయంలో వంటమనిషి ఒకరు గుమ్మం దగ్గర ఉన్నారు."

మాటను పలికిన భాషలో, పలికినట్టే రాయండి. మర్యాద కోసం చుక్కలు పెట్టొద్దు. "ఒక అసభ్య పదం" అని రాస్తే విచారణలో ఆ పదం లేనట్టే లెక్క. గుమ్మం దగ్గరున్న వంటమనిషి లాంటి వివరం ఎందుకంటే, అత్యాచారాల నిరోధక చట్టం కింద మాట నలుగురికీ కనిపించే, వినిపించే చోట అన్నదా కాదా అన్నది కీలకం. కమిటీకి సంబంధంలేని మనిషి విన్నారంటే ఆ విషయం గట్టిపడుతుంది.

వాట్సాప్‌లో అన్నదైతే:

- ఆ మెసేజ్‌కు ముందు పది, తర్వాత పది మెసేజ్‌లు వచ్చేలా స్క్రీన్‌షాట్లు తీయండి. ఒక్క మెసేజే కత్తిరిస్తే సందర్భం పోతుంది.
- పంపినవాళ్ల నంబరు, తేదీ, సమయం కనిపించాలి. మీ ఫోనులో సేవ్ చేసుకున్న పేరు మాత్రమే ఉంటే సరిపోదు, నంబరు కనిపించే స్క్రీన్ కూడా తీయండి.
- ఎక్స్‌పోర్ట్ చాట్ చేసి ఫైలును మీ మెయిల్‌కే పంపుకోండి.
- అడ్మిన్ ఆవేశంలో ఆ మెసేజ్‌ను డిలీట్ చేయకుండా ఆపండి. ముందు భద్రం, తర్వాతే తొలగింపు.
- ఆ ఫోను మార్చొద్దు, రీసెట్ చేయొద్దు. కోర్టు దాకా వెళ్తే ఎలక్ట్రానిక్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధృవపత్రం కావాలి.

ఆడియో, వీడియో ఉంటే అసలు ఫైలును ముట్టుకోవద్దు. కత్తిరించడం, శబ్దం పెంచడం కాపీ మీదే చేయండి.

సీసీ కెమెరా ఉంటే అదే రోజు వార్డెనుకు రెండు లైన్ల లేఖ ఇవ్వండి: "ఫలానా తేదీ, 6.30 నుంచి 7.00 దాకా మెస్ హాలు రికార్డింగ్ చెరిగిపోకుండా భద్రపరచగలరు." రెండో కాపీ మీద అందినట్టు సంతకం, సమయం వేయించుకోండి. పాత ఫుటేజీ మీద కొత్తది ఎక్కిపోతుంది, వారం ఆగితే మిగలకపోవచ్చు.

ఇన్‌స్టాలో పెట్టొద్దు. పెడితే మాట పడ్డ విద్యార్థి ముఖం ఊరంతా తిరుగుతుంది, అన్నవాడికి "నన్ను బద్నాం చేశారు" అనే ఆయుధం దొరుకుతుంది.

5. మాట పడినవాళ్లతో ఎలా మాట్లాడాలి

ఒక గదిలో, తలుపు సగం తెరిచి, ఇద్దరికి మించకుండా కూర్చోండి. నాలుగే ప్రశ్నలు:

"ఏం జరిగిందో నీ మాటల్లో చెబుతావా? నీకు ఏం కావాలి? ఈ రాత్రి ఎక్కడ పడుకోవడానికి ధైర్యంగా ఉంటుంది? ఈ సంగతి ఎవరికి చెప్పొచ్చు, ఎవరికి చెప్పకూడదు?"

తెలుగు రానివాళ్లైతే వాళ్లకు అలవాటైన భాషలో అడగండి. అనువాదానికి అన్నవాడి స్నేహితుడిని పిలవొద్దు. ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసేముందు విద్యార్థిని అడగండి. విషయం తెలిస్తే చదువు మాన్పించి తీసుకెళ్లిపోతారని భయపడేవాళ్లు ఉంటారు. విదేశీ విద్యార్థులు వీసా పోతుందేమోనని నోరు విప్పరు. ఫిర్యాదు ఇవ్వడం వీసాకు తప్పు కాదని ముందే చెప్పండి, అంతర్జాతీయ విద్యార్థుల విభాగంలో ఒకరిని కలపండి.

గది మార్చాల్సివస్తే అన్నవాడిని మార్చండి. మాట పడినవాళ్లను మారిస్తే అది శిక్షలా ఉంటుంది.

"అన్నా, వదిలేయండి, నాకేం వద్దు" అంటే? ఒత్తిడి చేయొద్దు. అయితే ఒకటి దాచకుండా చెప్పాలి: ర్యాగింగ్ సమాచారం యాజమాన్యానికి అందితే వాళ్లు ఊరుకోవడానికి వీల్లేదు. కౌన్సిల్ కూడా తన సభ్యుడి తప్పు మీద తను చర్య తీసుకోవచ్చు, విద్యార్థి పేరు రాయకుండా.

6. ఏ దారిలో వెళ్లాలి

ఒక దారి ఎంచుకుంటే మిగతావి మూసుకుపోవు. నాలుగూ ఒకేసారి నడవొచ్చు.

కౌన్సిల్ ప్రక్రియ. అన్ని కోవలకూ వర్తిస్తుంది. హోదా వరకే దీని పరిధి.

యాంటీ ర్యాగింగ్ కమిటీ. రెండో కోవకు ఇది ముఖ్యం. సమాచారం అందిన సంస్థాధిపతి అది చట్టం కింద నేరమనిపిస్తే 24 గంటల్లోపు ఎఫ్‌ఐఆర్‌కు వెళ్లాలని 2009 నిబంధనలు చెబుతున్నాయి. అందుకే ఫిర్యాదు మీద తేదీతోపాటు గంట కూడా వేయించుకోండి. మన రాష్ట్రంలో 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం కూడా ఉంది, అవమానించడం కూడా అందులో శిక్షార్హమే. కాలేజీలో ఎవరినీ నమ్మలేని పరిస్థితి ఉంటే 1800-180-5522కు ఫోన్ చేయండి, పేరు చెప్పక్కర్లేదు.

ఫిర్యాదుల పరిష్కార కమిటీ. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. తృప్తిగా లేకపోతే 15 రోజుల్లోపు అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. లిస్టులో పేరు తీసేయడం, మెస్‌లో వివక్ష లాంటివాటికి ఇది బాగా పనికొస్తుంది.

పోలీసు. మొదటి కోవకు తప్పనిసరి దారి. ఎస్సీ, ఎస్టీ చట్టం కింద ఎఫ్‌ఐఆర్ నమోదుకు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు, 2018 సవరణలో ఆ సంగతి స్పష్టంగా ఉంది. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం. కుల ధృవీకరణ పత్రం నకలు వెంట తీసుకెళ్లండి. ఈశాన్య రాష్ట్రాల విద్యార్థికి ఎస్టీ సర్టిఫికెట్ ఉంటే అదీ జతచేయండి. చట్టం వర్తిస్తుందో లేదో తేల్చాల్సింది పోలీసులూ లాయరూ, కౌన్సిల్ కాదు. అన్నవాడు కూడా ఎస్సీ, ఎస్టీ అయితే ఈ చట్టం రాదు, ర్యాగింగ్ నిబంధనలు వస్తాయి. ఎస్సీ, ఎస్టీలకూ మహిళలకూ జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది.

7. అన్నవాళ్లతో వ్యవహారం

రెండో రోజు లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. అందులో ఉండాల్సినవి: ఏ తేదీన ఏ మాట అన్నారని ఆరోపణ, ఏ నియమం, జవాబుకు 3 రోజులు, అప్పటిదాకా ఏయే బాధ్యతలు ఆగుతాయి, మాట పడినవాళ్లను నేరుగా గానీ ఇంకొకరి ద్వారా గానీ కలవకూడదన్న షరతు. గ్రూపు అడ్మిన్ హక్కులు, ఫెస్ట్ లిస్టు, మెస్ రిజిస్టరు ఆ రోజే వేరేవాళ్లకు అప్పగించండి.

జవాబులు దాదాపు ఇవే వస్తాయి. ఎదురు మాట ఇలా సిద్ధం చేసుకోండి.

"ఎటకారమండి, మా వైపు అందరం అనుకుంటాం." దీనికి: "మీరు మీరు అనుకునేది మీ ఇష్టం. ఇది మీటింగ్, అవతలి మనిషి నవ్వలేదు. మాట అన్నారా లేదా అన్నదే ప్రశ్న."

"నాకు ఆ కులం ఫ్రెండ్స్ చాలామంది ఉన్నారు." దీనికి: "ఉండొచ్చు. ఆ రోజు అన్నదాని గురించే అడుగుతున్నాం."

"వాడు ముందు నన్ను రెచ్చగొట్టాడు." దీనికి: "దాని మీద మీరు విడిగా ఫిర్యాదు రాయండి, తీసుకుంటాం. ఇది వేరే కాగితం."

అన్నవాడికీ గౌరవం ఇవ్వాలి. అతనూ విద్యార్థే. ఎదురుగా కుర్చీ వేయండి, "మీరు" అనండి, వెంట ఒక స్నేహితుడిని రానివ్వండి. గదిలో నలుగురు చేరి నిలదీయడం, బలవంతంగా వీడియో తీయడం, "అందరికీ పార్టీ ఇచ్చేయ్, సరిపోతుంది" అనడం మూడూ తప్పే. పార్టీ ఇచ్చి తేల్చుకున్న అవమానం వచ్చే సెమిస్టర్‌లో మళ్లీ తలెత్తుతుంది.

ఇక పెద్దమనుషులు. మన జిల్లాల్లో ఈ దశ తప్పించుకోలేరు. మూడో రోజుకల్లా ఊరి నుంచి కారు వస్తుంది, కులసంఘం నాయకుడి ఫోన్ వస్తుంది, "పిల్లలు కదా, కూర్చోబెట్టి మాట్లాడదాం" అంటారు. ఇరువైపుల నుంచీ వస్తారు. జవాబు ఒక్కటే ఉండాలి, అందరూ అదే చెప్పాలి: "బాబాయిగారూ, మీ మీద గౌరవం ఉంది. ఇది యూనివర్సిటీ కమిటీ ముందు ఉంది. చెప్పాల్సింది రాసి రిజిస్ట్రార్‌గారికి ఇవ్వండి." టీ ఇవ్వండి, విచారణ గదిలోకి రానివ్వొద్దు. మాట పడ్డ విద్యార్థి ఇంటికి ఎవరైనా రాజీ కోసం వెళ్లారని తెలిస్తే తేదీతో రాసి కమిటీకి ఇవ్వండి. అది బెదిరింపు కింద కూడా లెక్కకు రావొచ్చు.

8. విచారణ, తీర్మానం

ముగ్గురు చాలు: ఒక ఫ్యాకల్టీ సలహాదారు, ఆ మీటింగులో లేని ఇద్దరు ప్రతినిధులు. అన్నవాడి రూమ్మేటు, బంధువు, ప్రాజెక్టు భాగస్వామి ఉండకూడదు. మాట పడినవాళ్లనూ అన్నవాళ్లనూ ఎదురెదురుగా కూర్చోబెట్టొద్దు, వేర్వేరు సమయాలివ్వండి. వారం లోపు ముగించండి. సెమిస్టర్ పరీక్షలు వస్తే అందరూ మర్చిపోతారు.

చర్యకు మెట్లు:

- మొదటిసారి, ఎవరినీ గురిపెట్టని మాట: రాతపూర్వక హెచ్చరిక, మినిట్స్‌లో నమోదు
- ఒక విద్యార్థిని గురిచేసిన మాట: ఆ సెమిస్టర్‌కు హోదా నుంచి తొలగింపు
- రెండోసారి, లేదా ఫిర్యాదు తర్వాత బెదిరింపు: పూర్తిగా తొలగింపు, తర్వాత ఏ కమిటీలోనూ చోటు లేదు
- చట్టం కింద నేరమైతే: తొలగింపుతోపాటు ఫైలు యాజమాన్యానికి, అదే రోజు

తీర్మానంలో "దురదృష్టకర సంఘటన" లాంటి మాటలు రాయొద్దు. ఎవరు, ఎప్పుడు, ఏ మాట అన్నారు, ఏ నియమం తప్పింది, ఏ చర్య, ఏ తేదీ నుంచి. ఐదు లైన్లు మించక్కర్లేదు.

9. క్షమాపణ

మాట పడినవాళ్లు కావాలంటేనే. వద్దంటే కౌన్సిల్‌కు మాత్రమే రాసివ్వాలి.

పనికిరానిది: "నా మాటల వల్ల ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే క్షమించండి." ఇందులో మాటా లేదు, మనిషీ లేడు, తప్పూ లేదు.

పనికొచ్చేది: "ఫలానా తేదీ మీటింగులో నేను నిన్ను 'మోమో' అన్నాను, నీ తిండిని ఎగతాళి చేశాను. అది నీ ముఖాన్నీ నీ ఊరినీ కించపరిచే మాట. అన్నది నేనే, తప్పు నాది. నువ్వు జవాబివ్వాల్సిన పని లేదు." ఏడుపు, కాళ్లు పట్టుకోవడం వద్దు. అది అవతలివాళ్ల మీద క్షమించాల్సిన బరువు మోపుతుంది. క్షమాపణ చెప్పాడు కాబట్టి చర్య తగ్గించాలన్న బేరం కూడా వద్దు.

10. ఎక్కువగా జరిగే తప్పులు, సరిదిద్దే తీరు

మినిట్స్‌లో రాయలేదు, పది రోజులైపోయింది. ఇప్పుడు రాయండి, ఇవాళ్టి తేదీతోనే. "ఆ రోజు నమోదు చేయలేదు, కారణం ఇది" అని ఒక లైను చేర్చండి. పాత తేదీ వేసి దూర్చారో, మొత్తం పుస్తకం మీద నమ్మకం పోతుంది.

మెసేజ్ డిలీట్ అయిపోయింది. గ్రూపులో ఇంకెవరి దగ్గరైనా స్క్రీన్‌షాటో, పాత బ్యాకప్పో ఉందేమో అడగండి. లేకపోతే చూసినవాళ్లు ఏం చూశారో రాసివ్వాలి.

ఫిర్యాదు తీసుకోలేదు. స్పీడ్ పోస్టులో రసీదుతో పంపండి, మెయిల్ కూడా చేయండి. పోలీస్ స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీగారికి రాతపూర్వకంగా పోస్టులో పంపొచ్చు.

విషయం రెండు కులాల గొడవగా మారుతోంది. వెంటనే ఫెస్ట్ స్టేజీ, మైకు, బ్యానర్లు ఆపండి. ఒక్కరే మాట్లాడాలి, అది ఫ్యాకల్టీ సలహాదారు. కరపత్రాలకు జవాబు కరపత్రం వేయొద్దు.

11. తర్వాతి ముప్పై రోజులు

కసి ఎక్కువగా మాటల్లో కనిపించదు, చిన్న చిన్న పనుల్లో కనిపిస్తుంది. వినే ఇద్దరిలో ఒకరు 7వ, 15వ, 30వ రోజున మాట పడినవాళ్లను కలిసి ఇవి చూడాలి:

- క్లాసు గ్రూపులో ఇంకా ఉన్నారా, మెసేజ్‌లు అందుతున్నాయా
- హాజరు, ఇంటర్నల్ మార్కుల్లో అకస్మాత్తుగా తేడా వచ్చిందా
- ఫెస్ట్, టూర్, ప్లేస్‌మెంట్ లిస్టుల్లో పేరుందా
- మెస్‌లో పక్కన కూర్చునేవాళ్లున్నారా
- సాక్ష్యం చెప్పినవాళ్లకు ఎవరైనా అడ్డుతగులుతున్నారా
- ఊళ్లో తల్లిదండ్రుల దగ్గరికి ఎవరైనా వెళ్లారా
- ఆ రోజు ఆగిపోయిన అంశం తేలిందా, స్టవ్ వచ్చిందా

ఒక్కదానికి జవాబు తేడాగా ఉన్నా కొత్త ఫిర్యాదుగా రాయండి, పాత కాగితం నంబరు జతచేసి, సమయం వేసి.